బ్రేకులు మంచిగనే ఉన్నయి

మా బావ సాయన్న ముప్పై ఏండ్లు స్టీరింగు పట్టిన మనిషి. నేను ఒక్క మాటతోని ఆయన చేతులకెల్లి ఆ స్టీరింగు గుంజుకున్న. రోహిణి కార్తెల మొదలై రాఖీ పున్నం దాక నడిచిన ముచ్చట ఇది. రెండు నెలల చిల్లర, అంతే.

నా పేరు భూమేష్. నిజామాబాద్‌ల బోధన్ రోడ్డు మీద రేకుల షెడ్డు నాది. బ్రేకుల పని చేస్త. "భూమేషన్న చెయ్యి పడితే బండి గోడకు జానెడు దూరంల కూడ ఆగుతది" అని టౌన్ల పేరుండె నాకు. ఆ పేరంటే నాకు పానం. ఇప్పుడు దాన్ని తలుసుకుంటె సిగ్గయితది గని, గప్పుడు మాత్రం ఎవలన్న ఆ మాటంటే రెండు రొట్టెలు ఎక్కువ తింటుంటి.

మా బావ ఎనుకట బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు లారీలు నడిపిండు. ఫ్యాక్టరీ బందైనంక నిజామాబాద్ వచ్చి, ఒక పాత తెల్ల వ్యాను కొనుక్కొని బడిపిల్లలను తిప్పుడు మొదలుపెట్టిండు. ఏడుగురు పిల్లలు. అందరికి ఈయన తాతనే. పొద్దుగాల తలకాయకు నూనె రాసుకొని, నున్నగ దువ్వుకొని, అంగి గుండీలు మెడ దాక పెట్టుకొని బయలెల్లుతుండె. "ఎందుకు బావా గంత సోకు?" అని నేను పరాచకమాడితే, "పిల్లల బండి బామ్మర్దీ, పెండ్లికి పోయినట్టు పోవాలె" అంటుండె.

ముప్పై ఏండ్లల్ల ఒక కుక్కపిల్లను సుత తొక్కలే. ఇది నేను చెప్పే మాట కాదు, మా అక్క ఈరవ్వ ఇంటికొచ్చిన ప్రతి సుట్టానికి చాయ్ ఇచ్చుకుంట చెప్పే మాట. ఆమెకు మెడల పుస్తె ఎంతనో ఆ మాట కూడ అంతే.

రోహిణి ఎండలు మండుతుండంగ, బడి తెరిచే వారం ముందుగాల బావ వ్యాను తీస్కొని షెడ్డుకొచ్చిండు.

"పిల్లలు ఎక్కే బండి, జర మంచిగ సూడు" అన్నడు.

చూసిన. ప్యాడ్లు అరిగి రేకులైనయి. టౌన్ల తిరిగే బండికి అంతే ఉంటది. బస్టాండు కాడ ఆగాలె, మార్కెట్ల ఆగాలె, రైల్వే గేటు కాడ ఆగాలె. హైవే మీద ఏడాదొచ్చే ప్యాడ్లు ఈడ ఆర్నెల్లకే పోతయి. కొత్తయి ఏసిన. ఇగ బ్రేకాయిల్ డబ్బ మూత తీసిన. ఆయిల్ చాయ్ డికాషన్ లెక్క నల్లగుంది. అది మొత్తం తీసి, పైపులన్ని కడిగి, కొత్తది పొయ్యాలె. గంటన్నర పని. బయట నాలుగు బండ్లు నిలబడ్డయి, ఒకాయన హారన్ మీద హారన్ కొడుతుండు. ఎంత తక్కువుంటె అంత నా సీసలకెల్లి పోసి మూత పెట్టేసిన.

ఆ సీస గురించి చెప్పాలె. రేకుల షెడ్డు కదా, ఎండకాలం లోపట పెనం మీద ఉన్నట్టే ఉంటది. ఎండకు బ్రేకాయిల్ ఖరాబైతదని నేనొక తెలివి చేసిన. తాగే నీళ్ల కుండ, రంజన్, దాని కింద తడి ఇసుక పోసి ఉంటది గదా, ఆ ఇసుకల సీసను మెడ దాక కూరిపెడుతుంటి. మూత యాడనో పడిపోయి ఏడాదైంది, మూతికి గుడ్డపీలిక కుక్కుతుంటి. ఆయిల్ రంజన్ నీళ్ల లెక్కనే సల్లగుంటుండె. గిరాకులు చూసి, "ఏందన్నా, ఆయిల్‌కు కూడ దూప ఐతదా?" అని నవ్వుతుండ్రి. నాకు అది మెచ్చుకున్నట్టే అనిపిస్తుండె.

తెల్లారి పొద్దుగాల ఎండ ముదరకముందే బైపాస్ మీద వ్యాను నడిపి చూసిన. నేను ఏ బండినైనా అట్లనే చూస్త, సల్లటి పూట, ఖాళీ రోడ్డు మీద. మంచిగనే ఆగింది. బావకు తాళం చెయ్యి ఇచ్చి, "కత్తి లెక్క పడుతున్నయి బావా" అన్న.

మృగశిరకు రెండు వానలు దంచికొట్టి ఎగవెట్టినయి. ఇగ ఉక్క మొదలైంది. మొగులు ఉంటది, వాన ఉండది, గాలి ఆడది. అంగి పిండితే చెంబెడు నీళ్లొస్తయి. గసొంటి దినాలల్ల బావ ఒక పగటీలి షెడ్డు ముందట వ్యాను ఆపి, కిటికీలకెల్లి తల బయటపెట్టిండు.

"బామ్మర్దీ, పొద్దుగాల మంచిగనే ఉంటుంది గని, సాయంత్రం పిల్లలను దింపేటప్పుడు పెడల్ జర మెత్తగ తాకుతుంది."

"ఈ ఉక్కకు మనుషులే మెత్తగైతుండ్రు బావా, పెడల్‌దేముంది!" అన్న నేను, చేతిల పాన ఇడువకుంటనే.

నవ్విండు, పోయిండు. ఆ నాలుగడుగులు నడిచి బాయినెట్ లేపి చూస్తే నా సొమ్మేం పోతుండె? ఇప్పటికి వెయ్యిసార్లు అడుక్కున్న నన్ను నేను.

జూలై మొదటి వారం, సాయంత్రం నాలుగు దాటింది. ఫోనొచ్చింది. బావ వ్యాను రైల్వే గేటు కాడ ఆగి ఉన్న ట్రాలీకి గుద్దుకున్నదని. బండి మీద ఉరికిన. ఆ గుంపు, ఆ ట్రాఫిక్ దాటి పోయేసరికి అరగంట పట్టింది. దేవుని దయ, పిల్లలందరు మంచిగనే ఉండ్రు. ముందటి సీట్ల కూసున్న నిఖిత అనే పిల్లకు మాత్రం పెదవి చిట్లింది. తొమ్మిదేండ్లుంటయి ఆ పిల్లకు. తల్లి దస్తీ అదిమి పట్టుకొని దవఖానకు తీస్కపోతుంది. ఆ పిల్ల నాయిన రామస్వామి, బట్టల దుకాణమాయన, మా బావ మీదికి పోతుండు.

"పండుకున్నవా? తాగినవా? పిల్లలను చంపుతుంటివి గదయ్యా!"

"తొక్కిన సారూ" అంటుండు బావ. "ఒట్టు, తొక్కిన. పెడల్ నేలకు పోయింది."

"ఎవలకు చెప్తవు కథలు?" అని, నన్ను చూసిండు రామస్వామి. "నువ్వే గదా ఈ బండికి మెకానిక్కువు? చెప్పు, బ్రేకులు ఫెయిలైనయా?"

ఇరవై మంది మొఖాలు నా దిక్కు తిరిగినయి. అండ్ల సగం మంది నా గిరాకులు. డ్రైవరు సీట్ల కూసొని పెడల్ తొక్కిన. రాయి. మళ్ల తొక్కిన. రాయే. దిగి బాయినెట్ లేపి ఆయిల్ డబ్బ మూత తీసిన. అదే నల్ల డికాషన్. ఏమైందో పూరాగ తెల్వది గని, తప్పు నా చేతులల్లనే యాడనో ఉందని మాత్రం తెలిసింది. జల్ది మూత పెట్టిన.

"బ్రేకులు మంచిగనే ఉన్నయి" అన్న.

అక్కడికి ఆపితే జర నయముండు. ఆపలే. బావ దగ్గరికి పోయి, ఆయన భుజం మీద చెయ్యేసి, మంచిమాట చెప్పినట్టు చెప్పిన. "ఉక్కకు కండ్లు మూతపడ్డయేమో బావా. యాభై ఎనిమిదేండ్లు వచ్చె. ఒక్కోసారి కాలు బ్రేకు అనుకొని పక్కదాని మీద పడతది. ఐతది అట్ల."

బావ నా మొఖం చూసిండు. కుడికాలు చెప్పు ఇడిసి, పాదం దిక్కు వంగి చూసుకున్నడు, అది ఎవలదో అన్నట్టు.

తెల్లారి ఏడుగురి తల్లిదండ్రులు పిల్లలను వ్యాన్ల పంపుడు బందువెట్టిండ్రు. బావ ఎవల ఇంటికి పోలే, ఎవలతోని కొట్లాడలే. మూడోరోజు మా అక్క షెడ్డుకొచ్చింది. చాయ్ వద్దన్నది. కూసో అంటే కూసోలే.

"తమ్మీ, ఒక్క మాట నిజం చెప్పు. బ్రేకులు మంచిగనే ఉండెనా?"

"ఉండె అక్కా."

"అయితే ఆయన కాలేనా?"

నేను పాన కింద పెట్టి, మళ్ల చేతిలకు తీసుకున్న.

"పొద్దంత కుర్సీల కూసుంటుండురా. కాలు లేపుతడు, పెడతడు. లేపుతడు, పెడతడు. ఏంది అంటే, 'సరిగ్గ పడుతుందా లేదా సూస్తున్న' అంటడు." కొంగు నోటికి పెట్టుకున్నది మా అక్క. "నువ్వు చెప్పినవంటే ఇగ నిజమే ఉంటది తియ్యి."

పోయింది. నేను ఆ దినం ఏ బండి పని చెయ్యలే.

పది పన్నెండు రోజులకు స్పేర్ పార్ట్స్ దుకాణం భానుప్రసాద్ చాయ్ తాగుదామని షెడ్డుకొచ్చిండు. జేబుల పెన్ను లెక్కటి మిషినుంది. కొనకు రెండు సూదులు, పక్కకు బుడ్డ బుడ్డ లైట్లు.

"కొత్త మాల్ అన్నా. బ్రేకాయిల్ల ముంచితే అండ్ల ఎంత నీరు చేరిందో చెప్తది. పచ్చ లైటొస్తే మంచిది, ఎర్రదొస్తే ఖరాబు."

"నా ఆయిల్ల ముంచు" అని, ఇసుకలకెల్లి సీస గుంజి, గుడ్డపీలిక తీసి ముందట పెట్టిన. "రంజన్ నీళ్ల కన్న సల్లగుంటది."

ముంచిండు. ఎర్ర లైటొచ్చింది. తుడిచి మళ్ల ముంచిండు. మళ్ల ఎర్రదే.

"ఓరి నీ... అన్నా, దీన్ని యాడ పెడుతున్నవు నువ్వు?" అని సీసను, రంజన్‌ను, ఇసుకను మార్చి మార్చి చూసిండు. "వానకాలం మూతలేని ఉప్పుడబ్బ ఎట్లైతది? నీరు కారుతది గదా? ఇది కూడ అంతే. గాలిల తడిని గుంజుకుంటది. నువ్వేమో ఏకంగ రంజన్ కిందనే కూసోవెట్టినవు!"

"నీరు చేరితే ఏమైతది?"

"సల్లగున్నంతసేపు ఏం గాది. టౌన్ల గంటసేపు తొక్కి తొక్కి నడిపితే బ్రేకులు కాలుతయి. ఆ వేడికి అండ్ల నీరు మసిలి ఆవిరైతది. ఆవిరిని తొక్కితే ఏముంటది అన్నా? పెడల్ నేలకు పోతది. బండి ఆపి సల్లారనిస్తే మళ్ల రాయి లెక్కైతది. ఎవలు తొక్కి చూసినా తెల్వదు."

"సల్లారెతందుకు ఎంతసేపు పడతది?"

"ఓ అరగంట."

భానుప్రసాద్ చాయ్ తాగిండు, ఇంకేమో ధరల గురించి మాట్లాడిండు, పోయిండు. నాకు ఒక్క మాట యాదికి లేదు.

సీస పారబోసిన. కొత్త డబ్బలు తెచ్చి, ఆ ఎండకాలం నేను ఆయిల్ పోసిన బండ్లోళ్లందరికి ఫోన్లు చేసిన. "వానకాలం గదా, ఉత్తగ చెక్ చేసిస్త" అని పిలిచి, అన్నిటికి ఆయిల్ మార్చిన. అందరు "భూమేషన్న ఎంత మంచోడు" అన్నరు. తప్పు నాదే అని ఒక్కనికి చెప్పలే. అందరికంటె ముందుగాల చెప్పాల్సిన ఇల్లు షెడ్డుకు ఫర్లాంగు దూరం లేదు. ఆ తోవ ఇడిసి సుట్టు తిరిగి పోవుడు మొదలుపెట్టిన.

గింతల్నే మా అక్క ఫోన్ చేసింది. "మీ బావ వ్యాను అమ్ముతుండురా. నవీపేట్ నుంచి శివకుమార్ అనే పిలగాడు ఐతవారం సూడనీకి వస్తడట."

పానం సుర్రుమన్నది. ఆ ఆయిల్‌తోనే ఆ పిలగాడు బండి తీస్కపోతే ఎవల పిల్లలు ఎక్కుతరో ఏమో! శనివారం పొద్దుగాలనే పోయి వ్యాను షెడ్డుకు తెచ్చుకున్న. ఆ గంటన్నర పని, జూన్ల చెయ్యని పని, గప్పుడు చేసిన. పాత ఆయిల్ బొట్టు లేకుంట తీసి, కడిగి, కొత్తది నింపిన. బావ షెడ్డు గడప కాడ నిలబడి చూస్తుండు.

"అమ్మే బండికి ఎందుకు బామ్మర్దీ గంత తిప్పలు?"

"ఉట్టిగనే బావా. ఒకపాలి చూసి ఇస్త."

చెప్పెటందుకు అదే మంచి టైము. ఇద్దరమే ఉన్నం. చెప్పలే.

ఐతవారం పగటీలి శివకుమార్ వచ్చి వ్యాను నడిపిండు. మొండి పిలగాడు, ఊకెనే నమ్మే రకం కాదు. మార్కెట్ల మూడు చుట్లు తిప్పి, గుంపుల ఆపి ఆపి చూసి, చెమటలు కక్కుకుంట దిగిండు. దిగుతనే మొఖమంత నవ్వు.

"పెద్దమనిషీ, బ్రేకులు కత్తి లెక్క ఉన్నయి! ఈ బండికి యాక్సిడెంట్ ఐందంటే నమ్మబుద్ధైతలేదు. ఎట్లైంది?"

బావ వ్యాను తలుపు మీద చెయ్యి పెట్టిండు.

"నా కాలు" అన్నడు. "బ్రేకులది ఏం తప్పు లేదు బిడ్డా. అది నా కాలు."

అప్పటిదాక ఆయన లోపట యాడనో ఒక మూల అనుమానముండె. కుర్సీల కూసొని కాలు లేపుడు, పెట్టుడు ఆ అనుమానంతోనే. దాన్ని కూడ నేనే నా చేతులతోని కడిగి తీసేసిన. నేను ఆడనే, రెండడుగుల దూరంల నిలబడి ఉన్న. నోట్ల నాలుక కూడ ఉండె. వ్యాను నవీపేట్ దిక్కు పోయింది.

రాఖీ పున్నం వచ్చింది. మా అక్క ఏటా వ్యాన్ల వస్తుండె, బావ కొత్త అంగి తొడుక్కొని తోలుకొస్తుండె. ఈసారి ఒక్కతే వచ్చింది, ఆటోల.

"బావ ఏడి?"

"ఫంక్షన్ హాల్ గేటు కాడ పనికి కుదిరిండు. పెండ్లికొచ్చిన కార్లను జాగ సూసి నిలవెట్టించే పని. సెలవియ్యలేరట."

కుంకుమ పెట్టింది. రాఖీ కట్టింది. దూద్‌పేడ మిఠాయి తుంచి నోట్ల పెట్టింది. అది నాలుక మీద ఉండంగనే నాకు దుఃఖం ఆగలే. నోట్ల మిఠాయితోనే చెప్పిన. రంజన్, ఇసుక, గుడ్డపీలిక, ఎర్ర లైటు, అరగంట. అన్ని చెప్పిన.

తిడుతదనుకున్న. రాఖీ తెంపుతదనుకున్న. మా అక్క పళ్లెం కింద పెట్టి అడిగింది.

"ఎప్పటిసంది తెలుసు నీకు?"

"బండి అమ్మకముందటిసంది."

మిఠాయి నా బుగ్గల అట్లనే ఉంది, గొంతు దిగుతలేదు.

"మింగు" అన్నది అక్క. "మింగి, లేసి పో. ఆయనకు నువ్వే చెప్పాలె. నేను చెప్ప."

ఫంక్షన్ హాల్ ముందట కార్లు వరుస కట్టినయి. బావ మెడల ఈల, చేతిల ఎర్రగుడ్డ. పాతికేండ్ల పిలగాని కారును ఎనుకకు తీపిస్తుండు. "రానీ, రానీ, జర ఎడమకు, బస్!" ఎనుకట చెరుకు లోడు లారీని సూదిసందుల తిప్పిన మనిషి.

"బావా, నీతోని మాట్లాడాలె."

"ఆగు, ఈ బండి పెట్టిచ్చొస్త."

పెట్టిచ్చొచ్చిండు. గోడ నీడకు నిలబడి చెప్పిన. మొత్తం ఇన్నడు. చెప్పుడైనంక కాళ్లు పట్టుకోబోతే ఎనుకకు జరిగిండు.

"ఊరంత అన్నా నమ్మకపోతుంటి బామ్మర్దీ" అన్నడు మెల్లగ. "నేను తొక్కిన అన్నది నాకు ఎరుకే ఉండె. నువ్వన్నవు గదా, నువ్వన్నంక నాకు నేను తొక్కిన యాది కూడ అబద్ధమనిపిచ్చింది."

"నా బండి తీస్కపో బావా. రేపటిసంది మళ్ల నడుపు."

"కూసున్న మొన్న, మా ఓనరు కార్ల. కాలు వణికింది." ఎర్రగుడ్డ మడతపెట్టుకుంట అడిగిండు. "ఆ పిల్ల నాయినకు చెప్పినవా?"

"లే. ముందుగాల నీకు..."

"నాకెందుకు? వాళ్లకు చెప్పు."

నడుసుకుంటనే పోయిన రామస్వామి ఇంటికి. వాకిట్ల కుర్సీ ఏసి కూసోవెట్టిండు పాపం, చాయ్ కూడ ఇప్పిచ్చిండు. చెప్పిన. ఆయన ఇని, ఫోన్ల ఏదో చూసుకుంట, "అయిపాయె కదన్నా, ఇప్పుడు పిల్ల స్కూలు బస్సుల పోతుంది. ఎవల మనసుల ఏం లేదు" అన్నడు. మా బావ నెలంత మోసింది ఆయనకు యాదికి కూడ లేదు.

అరుగు మీద నిఖిత హోంవర్క్ రాసుకుంటుంది. పెదవి మీద బియ్యపుగింజంత మచ్చ. తలెత్తకుంటనే అన్నది.

"తాత తొక్కిండు డాడీ. నేను పక్కకే ఉన్న గదా. లేపి లేపి తొక్కిండు. మూడుసార్లు."

రామస్వామి ఫోన్ కింద పెట్టిండు. "మరి గప్పుడే ఎందుకు చెప్పలేదే?"

"నన్నెవలు అడిగిండ్రు?" అన్నది ఆ పిల్ల, పెన్సిల్ చెక్కుకుంట.

మళ్ల ఫంక్షన్ హాల్‌కు వచ్చేసరికి పెండ్లి అయిపోయి కార్లు పోతున్నయి. బావ చెమట తుడుసుకుంట గేటు కాడ స్టూలు మీద కూసున్నడు. పిల్ల అన్న మాట చెప్పిన. ఆ రైల్వే గేటు దినంనుంచి ఆయన మొఖం మీద నవ్వు చూడలే నేను. ఇప్పుడు జరంత వచ్చింది.

"సూసిందా పిల్ల? ఎన్నిసార్లు తొక్కిన అన్నది?"

"మూడుసార్లు."

"నాలుగు" అన్నడు బావ. "నాలుగోసారికి ఆ పిల్ల మూతి పలిగింది. అది సూడలే పాపం."